శనివారం తూకం

కాటా చూపించిన అంకెను నమ్మని మనుషులంటే ఉరుకుందప్పకు ఒళ్లు మంట. శక్తినగర్ పవర్ ప్లాంటులో బూడిద లారీలను తూచే కాటా దగ్గర ఆయన ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాడు. ఖాళీగా లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బూడిద నింపుకుని బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, ప్రతి బండీ ఆయన కిటికీ ముందు ఆగాల్సిందే. డ్రైవర్లు గొణుగుతారు, కాంట్రాక్టర్లు ఫోన్లు చేసి అరుస్తారు. ఆయన నోరు తెరవకుండా ఎర్ర అంకెల వైపు వేలు చూపిస్తాడు. దానితో వాదన అయిపోతుంది. అలాంటి మనిషి సొంత ఇంట్లో నెల రోజులుగా అంకె చూపిస్తుంటే పెళ్లాం నమ్మదు!

ఆ శనివారం పొద్దున ఆరున్నరకు క్వార్టర్ ముందుగదిలో తూకం మిషన్‌ను గోడవార నుంచి లాగాడు. గచ్చు సమంగా ఉన్న చోటు చూసి పెట్టి, తువ్వాలుతో దాని మీది దుమ్ము తుడిచి, "రా బిడ్డా" అని పిలిచాడు. ప్రజ్ఞ పల్చటి నైటీలో, చేతులు రెండూ చంకల్లో దాచుకుని వచ్చింది. ఆ పిల్లకు ఇంకా పదిహేడు నిండలేదు. మే నెల ఎండలకు గోడలు పొద్దున్నే వేడిగా ఉంటే ఆ పిల్ల వణుకుతోంది. అంకెలకు వీపు పెట్టి మిషన్ ఎక్కి, క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడింది.

అలా నిలబెట్టమన్నది రాయచూరు డాక్టరమ్మ. అంకె పిల్లకు కనపడకూడదు, చెప్పకూడదు, దాన్ని చూసి సంతోషం గానీ దిగులు గానీ మొహంలో చూపించకూడదు అని ఆవిడ మరీ మరీ చెప్పింది. అసలు వారం వారం ఆసుపత్రికే తీసుకురమ్మంది. "నా పనే తూకం మేడమ్. నేను ఏసి పంపిస్త, మీరు ఫికరు జేయకుండ్రి" అని ఉరుకుందప్ప ఆవిడను ఒప్పించుకుని వచ్చాడు. నెల తర్వాత చూపించమనీ, ఈలోపు ముప్ఫయ్యారు కిలోల కిందికి దిగితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా తెచ్చి చేర్పించమనీ చెప్పి పంపిందావిడ. ఆ రోజు పిల్ల ముప్ఫయ్యేడు కిలోలుంది.

"ముప్పై ఎన్మిది మీద నూరు గ్రాములు!" ఉరుకుందప్ప ఎగిరినంత పని చేశాడు. "సూస్తివా, పోయిన వారానికంటే మూడు నూర్లు ఎక్కువ. శభాష్ బిడ్డా!"

కూతురి భుజం తట్టి, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా నవ్వాడు. డాక్టరమ్మ వద్దన్న మూడు పనులూ ఆయన ప్రతి శనివారం అరనిమిషంలో పూర్తి చేసేవాడు. ప్రజ్ఞ కూడా కొంచెం నవ్వింది. వెంటనే మిషన్ దిగి, కుర్చీ మీద ఉన్న ఉన్ని స్వెట్టర్ తొడుక్కుని బాత్రూమ్ వైపు పరుగెత్తింది. తలుపు గడియ పడిన చప్పుడైంది.

ఆయన భార్య హనుమమ్మ వంటింటి గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఇదంతా చూస్తోంది. "బరువు పెరిగితే గాజులు మోచేతి దాంక ఎట్ల పోతున్నయి? ఉగాదికి ఎక్కించిన గాజులు. అప్పుడు మణికట్టు కాడనే ఆగుతుండె."

"గాజులతోటి తూకమేస్తవా నువ్వు?"

"తల దువ్వితే దువ్వెన నిండ వెంట్రుకలు వస్తున్నయి. రొట్టె పళ్లెంల ఉంటది గాని పొట్టల పోయినట్ల నాకు కనపడుతలేదు."

"కాటా జెప్తుంది, నేను గాదు. ఇరవై రెండేండ్ల నౌకరి నాది."

"అయితే గీ క్యాను సంగతి జెప్పు." హనుమమ్మ చీపురుతో ఇరవై లీటర్ల తాగునీళ్ల క్యాను చూపించింది. "రాత్రి నిండుగ ఉండె. శనివారం తెల్లారేసరికి దిగిపోయి ఉంటది. ఎవరు తాగుతున్నరు?"

"ఎండకాలమే! మనుషులు నీళ్లు తాగరా? దానిక్కూడ నన్నే అడుగుతవా?"

విసుగ్గా ఫోన్ తీసి, అంకె కొట్టి, పక్కన బొటనవేలు బొమ్మ పెట్టి డాక్టరమ్మకు పంపాడు. పది నిమిషాలకు జవాబు వచ్చింది. నాడి నిమిషానికి ఎంత కొట్టుకుంటోందో లెక్కపెట్టి పంపమన్నాను కదండీ, భోజనం దగ్గర మీరిద్దరిలో ఎవరు కూర్చుంటున్నారో కూడా రాయండి అని. వరసగా నాలుగో శనివారం ఆవిడ అదే అడుగుతోంది. ఉరుకుందప్ప ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నాడి పట్టుకోవడం తన పని కాదు. కూర్చుని తినిపించడం ఆడవాళ్ల పని. తన వంతు తూకం, అది తాను గ్రాము తేడా లేకుండా చేస్తున్నాడు.

మరునాడు ఆదివారం అరకేర నుంచి ఆయన అక్క భీమమ్మ దిగింది, జొన్నల సంచీతో, డబ్బా నిండా వేరుశనగ పొడి కూరిన శేంగా పోళీలతో. మేనకోడలికి ఏదో రోగమని విని, రోగం సంగతి తేల్చుకుందామని వచ్చింది. వంట మొత్తం ప్రజ్ఞే చేసింది. పుంటికూర పప్పు, వంకాయ కూర, జొన్న రొట్టెలు. ఈ ఏడాదిలో ఆ పిల్లకు వంట మీద ఎక్కడ లేని మోజు పుట్టింది. ఫోన్‌లో వంటలే చూస్తుంది, అందరికీ కొసరి కొసరి వడ్డిస్తుంది, ఇంకొంచెం వేసుకొమ్మని బతిమాలుతుంది. తన పళ్లెంలో మాత్రం అర రొట్టె పెట్టుకుని దాన్ని గోరంత గోరంత ముక్కలు చేసి, ముక్కలను పళ్లెం అంచు పొడుగునా పేరుస్తూ కూర్చుంటుంది.

"గిదేం రోగమే తల్లీ!" భీమమ్మ పోళీ తుంచుతూ అంది. "కరువుల తిండి లేక ఎండిపోయినోళ్లను సూసిన. పళ్లెంల రొట్టె వెట్టుకోని ఎండిపోయేటోళ్లను నేనెక్కడ సూడలే. ఒక్కపొద్దులుండె పిల్ల, దేవుని పిల్ల అనుకుంటిమి. ఆ ఒక్కపొద్దులు మాన్పించిండ్రని దేవునికి కోపమొచ్చిందేమో."

హనుమమ్మ గరిటెను గిన్నెలో ఠక్కున పెట్టింది. "ఆ ఒక్కపొద్దులే మమ్ముల ముంచినయి వదినా. పోయిన శ్రావణంల సోమవారం శివుని పేరు మీద మొదలువెట్టింది. అది అయినంక గురువారం రాయరు సామి పేరు మీద. శనివారం హనుమంతుని పేరు మీద. దీపావళి కల్లా వారంల ఏడు దినాలకు ఏడుగురు దేవుండ్లు దొరికిండ్రు దీనికి. మన క్వార్టర్ల లైన్ల ఉండేటోళ్లంత మెచ్చుకునిరి. వాళ్ల ఆడపిల్లలను పిలుచుకొచ్చి, ప్రజ్ఞను సూసి నేర్సుకోండ్రి అనిరి. నేను గూడ..." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను గూడ గొప్పగ జెప్పుకుంటి."

"అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు?" ఉరుకుందప్ప చెయ్యి విదిలించాడు. "డాక్టరు ఒక్కపొద్దులు బందు జేపిచ్చింది. తింటుంది. బరువు పెరుగుతుంది. రోజు ఇదే లొల్లి ఇంట్ల, ప్రాణం ఇసుగొస్తుంది నాకు."

భీమమ్మ మేనకోడలి గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. "సూడు మొహం ఎట్ల పీక్కపోయిందో! మా లోడుబండి గిట్లయిపాయెనా? సిన్నప్పుడు నీ నాయిన ఎత్తుకోని, మా లోడుబండి వచ్చింది దారియ్యుండ్రి అంటుండె, యాదికుందా?"

ప్రజ్ఞ చేతిలోని రొట్టె ముక్క పళ్లేనికీ నోటికీ మధ్య ఆగిపోయింది. ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత ఆ ముక్కను వెనక్కి తెచ్చి, అంచు మీద వరసలో దాని చోటులో దాన్ని పెట్టి, "అత్తా, ఇంకో రొట్టె ఏస్త, ఉండు" అని లేచింది. ఉరుకుందప్పకు ఆ చెయ్యి ఆగడం కనిపించింది. ఎందుకో పప్పు రుచి తెలియలేదు. ఎన్నోసార్లు అన్న మాట అది, పదో తరగతి అయ్యేదాకా నలుగురిలోనూ ముద్దుగా పిలిచిన మాట. అందులో ఏముంది అనుకున్నాడు. అనుకున్నా ఆ ముక్క తిరిగి పళ్లెంలోకి పోయిన సంగతి కళ్ల ముందు నుంచి పోలేదు.

సోమవారం మొదటి షిఫ్టులో, ఎండ అప్పుడే కుంపటిలా ఉండగా, ఒక బూడిద ట్యాంకర్ కాటా ఎక్కింది. నెంబరు చూడగానే ఉరుకుందప్పకు దాని ఖాళీ బరువు నోటికి వచ్చేసింది. ప్రతి బండిదీ ఆయనకు అలా కంఠతా ఉంటుంది. తెర మీద అంకె దానికి రెండు వందల పది కిలోలు ఎక్కువ చూపిస్తోంది. ఆయన కిటికీ అద్దం జరిపి, బయట తనిఖీ చేసే విరూపాక్షకు చెయ్యి ఊపాడు.

విరూపాక్ష ట్యాంకర్ చుట్టూ తిరిగి, క్యాబిన్ వెనక్కి ఎక్కి, ఒక పాత పరదా ఎత్తి పకపకా నవ్వాడు. నీలం రంగు డ్రమ్ము, దాని నిండా నీళ్లు.

"పీనే కా పానీ హై సాబ్" అన్నాడు డ్రైవరు కిందికి దిగి, చేతులు కట్టుకుని.

"తాగే నీళ్లా? ఒక్కనివి, రెండు నూర్ల లీటర్లు తాగుతవా? ఒంటెవా నువ్వు?" ఉరుకుందప్ప ఆఫీసు గదిలోంచి బయటికే వచ్చేశాడు. ఈ ఎత్తు ఆయనకు పాతదే. నీళ్లతో కలిపి ఖాళీ బండి తూకం వేయించుకుంటారు. లోపలికి పోయి డ్రమ్ము గుమ్మరించి, ఆ బరువుకు కూడా బూడిద నింపుకుని వస్తారు. లెక్కలో రెండు వందల కిలోల బూడిద కనపడకుండా పోతుంది. "ముందు అది వంపు. వంపి, మల్ల కాటా ఎక్కు. నా కండ్ల ముందు వంపు!"

డ్రమ్ము పక్కకు ఒరిగింది. నీళ్లు కాటా పక్కనున్న మోరీలో పడి బూడిదతో కలిసి నల్లగా పారాయి. బండి మళ్లీ ఎక్కింది. అంకె సరిగ్గా ఖాళీ బరువుకు దిగింది.

"నీళ్లకేముంది ఉరుకుందప్పా" అన్నాడు విరూపాక్ష చేతులు దులుపుకుంటూ. "తూకం అయ్యేదాంక బరువు. అయినంక మోరీ పాలు."

ఉరుకుందప్ప నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మోరీలో పారుతున్న నీళ్ల వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. శనివారం తెల్లారేసరికి దిగిపోయే క్యాను. మిషన్ దిగగానే బాత్రూమ్‌కు పరుగు. మోచేతి దాకా జారే గాజులు. వెనక రెండు బండ్లు హారన్లు కొడుతున్నాయి, విరూపాక్ష ఏమైందని అడుగుతున్నాడు. ఆయన లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు మిగిలిన బండ్ల తూకాలన్నీ వేశాడు కానీ అందులో ఒక్క అంకె కూడా గుర్తులేదు.

ఇంటికి పోయాక ఎవరితోనూ ఏమీ అనలేదు. డ్రైవర్లకు ముందే తెలిస్తే డ్రమ్ము దాచేస్తారు, ఇది ఆయనకు తెలిసిన పద్ధతి. మంగళవారం తెల్లవారి అయిదున్నరకు, ప్రజ్ఞ కళ్లు నులుముకుంటూ పక్క మీద లేచి కూర్చునే సమయానికి మిషన్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎక్కు."

"ఇయాల మంగళారం గదా నాయినా."

"అయితే ఏంది? ఎక్కు."

ప్రజ్ఞ మొహంలో రక్తం దిగిపోయింది. వంటింట్లో క్యాను ఉన్న వైపు ఒకసారి చూసింది. ఆ చూపు చాలు ఆయనకు. ఇరవై రెండేళ్లుగా కిటికీలోంచి చూస్తున్న చూపే అది. "నీళ్లు తాగి వస్త నాయినా, నోరెండిపోయింది" అంది సన్నగా.

"సుక్క ముట్టొద్దు! ఎక్కుమంటే ఎక్కు!"

ఎక్కింది. వీపు తిప్పడం మరిచిపోయి అంకెల వైపే తిరిగి నిలబడింది, ఆయనా తిప్పలేదు. ముప్ఫై అయిదు మీద నాలుగు వందలు. శనివారానికీ ఇప్పటికీ రెండు కిలోల ఏడు వందల గ్రాముల తేడా. డాక్టరమ్మ చెప్పిన గీత ఎప్పుడో దాటిపోయింది. ఎన్ని వారాల కిందట దాటిందో దేవుడికే తెలియాలి. తాను మాత్రం బొటనవేలు బొమ్మలు పంపుతూ కూర్చున్నాడు.

"దొంగ!" అని అరిచాడు ఉరుకుందప్ప. "నన్నే మోసం జేస్తవా? నన్ను? కాటా కాడ కూసునేటోని బిడ్డవు, కాటాకే దొంగ లెక్క సూపిస్తవా?"

ప్రజ్ఞ మిషన్ మీద నుంచి దిగలేదు. ఏడవలేదు కూడా. "ఎక్కువ తూగితే నువ్వు నవ్వుతవు నాయినా" అంది. "శనివారం ఒక్కనాడే నువ్వు నా మొహం దిక్కు సూస్తవు. మిగిల్న ఆరు దినాలు నా పళ్లెం దిక్కే సూస్తవు. తక్కువొస్తే అడ్మిట్ జేస్తరని భయమైంది, అదీ నిజమే. ఒక వారం మూడు నూర్లు పెరిగితే అంత సంబరపడితివి, మల్ల వారం అంతకంటే తక్కువెట్ల సూపియ్యాలె? వారానికో గిలాస ఎక్కువ తాగిన. కడుపు పగిలిపోతుండె."

హనుమమ్మ ఎప్పుడు వచ్చిందో తెలియదు. కూతురి మోకాళ్ల దగ్గర కూలబడి రెండు చేతులతో ఆ కాళ్లను చుట్టేసింది. తర్వాత తలెత్తి మొగుడి వైపు చూసింది. "నీ కాటాకు నిప్పు వెట్ట! నెల దినాల సంది మొత్తుకున్న. గాజులు సూడుమంటి, క్యాను సూడుమంటి. పిల్లను సూడుమంటి! మూడు పూటల పక్కన కూసోని తినిపియ్యుమని డాక్టరమ్మ ఇద్దరికి జెప్పింది. ఒక్కనాడన్న కూసుంటివా?"

ఉరుకుందప్ప ముందుకు జరిగాడు. వంగి కూతురి చెయ్యి పట్టుకున్నాడు, కిందికి దించడానికి. ఆ చెయ్యి ఎండాకాలంలో మంచులా చల్లగా ఉంది. చేతి మీద పసిపిల్లలకు ఉండేలాంటి సన్నని నూగు. నెల రోజులుగా ప్రతి శనివారం ఆ పిల్ల భుజం తట్టాడు, చెయ్యి మాత్రం ఒక్కసారీ పట్టుకోలేదు. మణికట్టు మీద వేలు పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నాడి లెక్కపెట్టాడు. నలభై నాలుగు. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ పెట్టాడు. మళ్లీ నలభై నాలుగే వచ్చింది.

ఎనిమిది గంటలకల్లా రాయచూరు ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టరు శివపార్వతి తుర్విహాళ ఊరి దగ్గర, ఆంధ్రా నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపులో పుట్టి పెరిగింది. పుట్టింది ఈ జిల్లాలోనే అయినా మాట మాత్రం ఇప్పటికీ గోదావరి వైపుదే. రక్తం పరీక్ష కాగితం చూసి, గుండె పరీక్ష కాగితం చూసి, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"రక్తంలో ఉప్పు పడిపోయిందండీ. అన్ని నీళ్లు ఒక్కసారి తాగితే మెదడు వాచిపోయి ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. నాలుగు వారాలు నాలుగుసార్లు అడిగాను, నాడి పంపండని. మీరేం పంపారు? అంకె, పక్కన బొటనవేలు!" ఆవిడ కోపం దాచుకోలేదు. "నేనూ ఒప్పుకోకుండా ఉండాల్సింది. నా తప్పూ ఉందిలెండి. పిల్లని చేర్పిద్దాం."

"అంత నన్ను మోసం జేసింది మేడమ్..." అని మొదలుపెట్టాడు ఉరుకుందప్ప.

"పిల్ల కాదండీ, జబ్బు. ఈ జబ్బు లక్షణమే అది. తిండి దాచిపెట్టిస్తుంది, నీళ్లు తాగిస్తుంది, అబద్ధాలాడిస్తుంది. జ్వరం వచ్చినవాణ్ణి ఒళ్లెందుకు కాలుతోందిరా అని తిడతామా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆదివారం నుంచీ అడగాలనుకుంటున్నది ఇప్పుడు అడిగాడు. "సిన్నప్పటి సంది నేను దాన్ని లోడుబండి అని పిలుస్తుంటి. ముద్దుకే. దానివల్లనేనా? లేకపోతే కాలేజీల డ్యాన్సు కాడ లావున్నవని ఎన్క వరసల నిలవెట్టిండ్రంట, దానివల్లనా? ఒక్కపొద్దులవల్లనా? ఎవరిది తప్పు, జర జెప్పుండ్రి."

"ఎవరో ఒకర్ని పట్టుకుని నిలబెట్టాలని చూస్తున్నారు మీరు. ఇది అలా దొరకదండీ." డాక్టరమ్మ గొంతు కొంచెం తగ్గింది. "ఆ మాట మంచిది కాదు, ఇకమీదట అనకండి. కానీ అదొక్కటే అయితే ఆ మాట విన్న పిల్లలందరికీ జబ్బు రావాలి కదా. కొందరికి పుట్టుకతోనే ఆ గుణం ఉంటుంది, ఏదైనా పట్టుకుంటే వదలరు, తప్పు చేయకూడదని తెగ భయపడతారు. మీ పిల్లకి చదువులో నూటికి తొంభై ఎనిమిదొచ్చినా ఏడ్చేదని చెప్పారుగా. దానికి ఒక మాట తోడవుతుంది, ఒక ఉపవాసం తోడవుతుంది, నలుగురి మెప్పు తోడవుతుంది. కొన్నాళ్లు తిండి తగ్గాక మెదడే ఆకలితో మామూలుగా ఆలోచించడం మానేస్తుంది. అప్పుడిక మానుకుందామన్నా మానలేదు. ఎవరి వల్ల వచ్చిందో నాకు తెలీదు. ఎవరి వల్ల తగ్గుతుందో మాత్రం తెలుసు. ఈ వయసు పిల్లల్ని ముందు అమ్మానాన్నలే గట్టెక్కించాలి. అన్నమే మందు. మందు వేళకి మింగించినట్టే పక్కన కూర్చుని తినిపించాలి, తిట్టకుండా, బేరాలాడకుండా. రేపు ఎల్లుండిలో అయ్యే పని కాదు. ఏడాది పట్టొచ్చు. మధ్యలో మళ్లీ జారిపోవచ్చు కూడా."

ఏడాది! ఉరుకుందప్ప ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో ఈ రొట్టె ముక్కల గోల ఇంకో ఏడాది. తోసుకొచ్చిన విసుగును బయటపడనివ్వకుండా పళ్లు బిగించి తల ఊపాడు.

"ఇంకోటి. ఆ తూకం మిషన్ తెచ్చి నాకివ్వండి. మీ ఇంట్లో ఉండకూడదు."

మధ్యాహ్నం ఆయన బస్సులో శక్తినగర్ పోయి, మిషన్‌ను సంచీలో పెట్టుకుని, అదే సంచీని ఒళ్లో పెట్టుకుని తిరిగి వచ్చాడు. పది రోజులు సెలవు రాసిచ్చి వచ్చాడు. విరూపాక్ష ఏమైందని అడిగితే, "బిడ్డకు పాణం బాగలేదు" అన్నాడు. ఎవరితోనైనా ఆ మాట అనడం అదే మొదలు. ఇన్నాళ్లూ బరువు పెరుగుతోందనే చెప్పుకున్నాడు.

ఆసుపత్రిలో ఒక్కసారిగా తినిపించలేదు. అలా కుక్కితే గుండెకే ప్రమాదమట. సూదులు, రక్తం పరీక్షలు, రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో కొలిచి ఇచ్చే జావ, గంజి, మెత్తటి అన్నం. పగలు ఒక పూట హనుమమ్మ కూర్చుంది, ఒక పూట ఉరుకుందప్ప. బుధవారం మధ్యాహ్నం ఆయన వంతు వచ్చింది. గిన్నెడు పెరుగన్నం. పిల్ల చెంచాతో మెతుకులను విడదీస్తోంది. పది నిమిషాలైంది. పావుగంటైంది. ఆయన కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. గిన్నెలో ఎంత మిగిలిందా అని కళ్లు పదే పదే అటే పోతున్నాయి. నాలుగు ముద్దల పని, నాలుగే నాలుగు ముద్దలు! గిన్నె లాక్కుని నోట్లో కుక్కి, మూతి తుడిచి లేపాలనిపించింది. "తిను తిను తిను" అని అరవాలనిపించింది. లేచి కిటికీ దాకా పోయి, తిట్టొద్దన్న మాట గుర్తుకొచ్చి, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"ఆకలైతలేదా బిడ్డా?" అన్నాడు చివరికి, వీలైనంత మెల్లగా.

ప్రజ్ఞ చెంచా ఆపింది. "ఆకలైతది నాయినా" అంది. "అందరు నాకు ఆకలి లేదనుకుంటరు. పొద్దుమాపు ఆకలే. వంటలు సూస్త, వండుత, అందుకే. నోటి కాడికి తెచ్చుకుంటే లోపల ఒకటి తిడుతది. తిన్నవా, సిగ్గు లేదా అని తిడుతనే ఉంటది. నువ్వు తిట్టేదానికంటే ఎక్కువ తిడుతది."

ఉరుకుందప్ప ఊగుతున్న కాలిని ఆపుకున్నాడు. ఇంట్లో ఇన్నాళ్లూ తానొక్కడే విసిగిపోయి ఉన్నాననుకున్నాడు. ఈ పిల్ల రోజంతా ఆ తిట్లు వింటూ, రొట్టెలు చేసి, అత్తకు వడ్డించి, శనివారం పొద్దున కడుపు పగిలేలా నీళ్లు తాగి తన ముందుకు నవ్వుతూ వచ్చింది. ఆయన లేచాడు. కుర్చీని గిన్నెకు ఎదురుగా కాకుండా పిల్లకు పక్కగా జరుపుకున్నాడు.

"తిట్టనియ్యి" అన్నాడు. "అది తిడుతుంటె గూడ ఒక్క చెంచ తిను. నేనీడనే ఉంట."

తర్వాత ఏమి మాట్లాడాలో తెలియక, సోమవారం ట్యాంకర్ డ్రైవరును ఒంటెవా అని అడిగిన సంగతి చెప్పాడు. చెప్పాక, నీళ్ల సంగతి ఎందుకెత్తానా అని నాలుక కరుచుకున్నాడు. ప్రజ్ఞ మూతి కొంచెం వంకరపోయింది, నవ్వో ఏడుపో తెలియలేదు. ఒక చెంచా తిన్నది. గిన్నె ఖాళీ కావడానికి గంటా పది నిమిషాలు పట్టింది.

గురువారం పొద్దున నర్సు తూకం మిషన్ తోసుకుని వచ్చింది. రాయరు వారమని వార్డులో పక్క మంచం ముసలామె ఏమీ తిననని కూతురితో వాదిస్తోంది. హనుమమ్మ అటు చూసి, ప్రజ్ఞ జావ గిన్నెను దగ్గరికి జరుపుకుంది. ప్రజ్ఞ బాత్రూమ్‌కు పోయి వచ్చి, నర్సు చెప్పినట్టు అంకెలకు వీపు పెట్టి మిషన్ ఎక్కింది. చేతులు చంకల్లో దాచుకుంది. భుజాలు బిగుసుకున్నాయి.

ఉరుకుందప్ప అలవాటుగా మిషన్ వెనక్కి, అంకెలు కనపడే వైపుకు నాలుగడుగులు వేశాడు. అక్కడ నర్సు పక్కన ఒక మనిషి నిలబడేంత చోటుంది. అంకె ఇంకా ఆడుతూ ఉంది. ఆయన ఆగాడు. తిరిగి నడిచి వచ్చి కూతురి ముందు, ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. ఇక్కడి నుంచి మిషన్ కనపడదు, పిల్ల మొహం ఒక్కటే కనపడుతుంది. కళ్ల కింద నల్లగా ఉంది. పై పెదవి పగిలి ఉంది. ఎడమ కనుబొమ మధ్యలో, నాలుగేళ్లప్పుడు క్వార్టర్ మెట్ల మీద పడితే తగిలిన గాటు మచ్చ. అది ఉందన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

వెనక నర్సు కాగితం మీద ఏదో రాసుకుంది.

"ఎంతున్న నాయినా?" అంది ప్రజ్ఞ, ఆయన కళ్లలోకి వెతుకుతూ. "పెరిగిన్నా? తగ్గిన్నా?"

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు ఉరుకుందప్ప, ఆమె మొహంలోకే చూసి నవ్వుతూ. "దిగు. జావ సల్లారిపోతుంది."